అప్‌డేట్: నేషనల్ గార్డ్‌లో చేరిపోయాను

అమెరికా ఆర్మీలో నాలుగేళ్ల యాక్టివ్ డ్యూటీ (ఫుల్‌టైమ్ సర్వీసు) అయిపోయింది, ఇక్కడ టెక్సాస్‌లో నేషనల్ గార్డ్‌లో (రాష్ట్ర గవర్నర్ కూడా పిలవగలిగే పార్ట్‌టైమ్ సైన్యం) చేరాలా, ఆర్మీ రిజర్వ్‌లోనా (కేంద్రం కింద ఉండే పార్ట్‌టైమ్ సైన్యం) అని అడిగాను కదా. గార్డ్‌లో చేరాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

ఎలాగూ మొత్తం ఒప్పందం 8 ఏళ్లది. మిగిలిన నాలుగేళ్లు ఇంట్లో కూర్చున్నా పేరు ఐఆర్ఆర్ (డ్రిల్, జీతం లేని రిజర్వ్) జాబితాలో ఉంటుంది, అవసరమైతే పిలుస్తారు. ఆ ఉండేదేదో జీతం తీసుకుంటూ ఉందామనిపించింది. నెలకో వీకెండ్ డ్రిల్, ఆ రెండు రోజులకి నాలుగు రోజుల బేసిక్ పే. ట్రైకేర్ రిజర్వ్ సెలెక్ట్ అనే మిలిటరీ హెల్త్ ఇన్సూరెన్స్ కొనుక్కోవచ్చు. మా ఆవిడకి ఆ ఒక్క ముక్క చాలింది.

పేపర్ల దగ్గర మాత్రం చుక్కలు కనిపించాయి. డీడీ 214 (యాక్టివ్ డ్యూటీ నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు పత్రం) షార్ట్ కాపీ పట్టుకెళ్లాను. అందులో మళ్లీ చేరొచ్చో లేదో చెప్పే రీఎంట్రీ కోడ్ ఉండదు, లాంగ్ కాపీయే కావాలన్నారు. గరాజ్‌లో పెట్టెలన్నీ దింపితే పెళ్లి ఆల్బమ్ మధ్యలో దొరికింది! బయటికొచ్చే రోజే రెండు కాపీలూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

మొదటి డ్రిల్ పోయిన శని, ఆదివారాల్లో అయింది. బూట్లు సరిపోయాయి, ప్యాంటు సంగతి అడక్కండి. హరికేన్ వస్తే గవర్నర్ పిలవగానే వెళ్లాలని చెబితే, ఒంగోలు నుంచి అమ్మ ఫోన్‌లో "మళ్లీ మొదలెట్టావా నాయనా" అంది.