ప్రొఫెషనల్ బాక్సింగ్ పోటీని టీవీలో చూపించాలంటే ఎవరు ఎవరికి చెల్లించాలి?

అమలాపురం నుంచి ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. కాకినాడలో బాక్సింగ్ శిక్షణ ఇస్తున్న మిత్రులు కొందరు వచ్చే వేసవిలో ఒక సాయంత్రం ప్రొఫెషనల్ పోటీలు నిర్వహించి, వాటిని ప్రత్యక్ష ప్రసారం చేయించాలని సంకల్పించారు. ప్రసారం సంగతి చూసే బాధ్యతను నాకు అప్పగించారు. హక్కుల నిమిత్తం ఛానెల్ వారే ఎంతో కొంత ఇస్తారనుకుని ఒక స్థానిక కేబుల్ ఛానెల్‌ను అడిగితే, మూడు గంటల సమయానికి మీరే మాకు చెల్లించాలని వారు చెప్పారు. రొయ్యల మేత కంపెనీల వారు, నగల దుకాణాల వారు ప్రకటనలు ఇవ్వడానికి సుముఖంగానే ఉన్నారు గాని, పేరున్న బాక్సర్ ఎవరు వస్తున్నారని ముందుగా అడుగుతున్నారు. మా ఊరి సాత్విక్‌సాయిరాజ్ ఆడే రోజున బ్యాడ్మింటన్ నియమాలు తెలియని వారు సైతం టీవీ ముందు కూర్చుంటారు. అటువంటి ఆదరణ బాక్సింగ్‌కు ఇక్కడ రావాలంటే మేము ఏ క్రమంలో నడుచుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

కాకినాడ నుంచి సమాధానం:

నేను కేబుల్ ప్రసారాలకు కెమెరాలు, మిక్సింగ్ చూసే పనిలో ఉన్నాను. ఛానెల్ వారు డబ్బు అడగడంలో వింత లేదు. చూసేవారు ఉన్నారని రుజువైన తరువాతనే ఛానెల్ హక్కులు కొంటుంది, అంతవరకు నిర్వాహకుడే సమయాన్ని కొని ప్రకటనల మీద రాబట్టుకోవాలి. అమెరికాలోనూ కొందరు ప్రమోటర్లు, అంటే పోటీల నిర్వాహకులు, ఇలా సమయం కొనుక్కున్నవారే. 2015 మే 2న పేరుమోసిన బాక్సర్లు మేవెదర్, పాక్వియావ్ తలపడినప్పుడు అక్కడి ఛానెళ్లు హెచ్‌బీఓ, షోటైమ్ కలిసి ప్రసారం చేస్తే, ఆ ఒక్క పోటీ చూడడానికి ఇంటికి 90 నుంచి 100 డాలర్ల ధర పెట్టినా 46 లక్షల కొనుగోళ్లు జరిగాయి. అంతటి లాభం చూసిన హెచ్‌బీఓ 2018లోను, షోటైమ్ 2023లోను బాక్సింగ్ ప్రసారాలను విరమించుకున్నాయి. అంటే ఒక్క పెద్ద రాత్రి ఎంత సంపాదించి పెట్టినా, వారం వారం చూసే ప్రేక్షకుడు లేకపోతే ఛానెల్ నిలవదన్నమాట.

ఇక సమయం లెక్క. మూడేసి నిమిషాల పది రౌండ్లు, మధ్యలో ఒక్కో నిమిషం విరామం కలిపితే పూర్తి పోటీ 39 నిమిషాలు పడుతుంది. మీ ప్రకటనలు పడేది ఆ విరామ నిమిషాలలోనే. కాని 1988లో టైసన్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టినట్లు మీ ప్రధాన పోటీ మొదటి రౌండ్‌లోనే ముగిసిపోతే, కొన్న సమయమూ, ఒప్పుకున్న ప్రకటనలూ మిగిలిపోతాయి. అందుచేత నాలుగు రౌండ్ల పోటీ ఒకటి, చేతులకు పట్టీలు కట్టుకుని సిద్ధంగా ఉన్న ఇద్దరితో, ఎప్పుడు కావాలంటే అప్పుడు రింగ్‌లోకి పంపగలిగేలా ఉంచుకోండి. రికార్డింగ్ మీద హక్కును మాత్రం ఛానెల్‌కు రాసివ్వకండి. ఆ దృశ్యాలే రేపు పెద్ద ఛానెల్‌కు మీరు చూపించగలిగే ఆధారం. వ్యాఖ్యానం తప్పక తెలుగులోనే ఉండాలి, రింగ్ మూలన కోచ్ బాక్సర్‌కు చెప్పే మాటలు వినిపించేలా ఒక మైకు కూడా ఉండాలి.

రాజమహేంద్రవరం నుంచి సమాధానం:

పై మిత్రులు చెప్పినవన్నీ అవసరమే గాని, నా దృష్టిలో వీటికంటే ముందు తేల్చుకోవలసినది, ఎవరితో ఎవరిని పోటీకి దింపాలో నిర్ణయించేది ఎవరన్న విషయం. బాక్సింగ్‌కు టీవీలో జరిగిన నష్టాలలో చాలావాటికి మూలం అక్కడే ఉంది. 1940లలోను, 50లలోను బ్లేడ్లు తయారుచేసే జిల్లెట్ కంపెనీ ఖర్చుతో అమెరికా ఛానెల్ ఎన్‌బీసీలో శుక్రవారం పోటీలు వచ్చేవి. ఇంట్లో ఉచితంగా చూడగలిగిన ప్రేక్షకుడు టికెట్ కొని ఊరి క్లబ్బుకు వెళ్లడం మానేయడంతో, కొత్త బాక్సర్లను తయారుచేసే ఆ క్లబ్బులే మూతపడుతూ వచ్చాయి. అదే కాలంలో ఛాంపియన్‌షిప్ పోటీలను గుప్పిట పెట్టుకున్న ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్ అనే ప్రమోటర్ సంస్థను రద్దు చేయాలన్న తీర్పును అమెరికా సుప్రీంకోర్టు 1959లో ఖరారు చేయవలసి వచ్చింది. 1977లో అమెరికాలోని ఏబీసీ ఛానెల్ ప్రమోటర్ డాన్ కింగ్‌తో కలిసి ఒక జాతీయ టోర్నమెంట్ ప్రసారం చేసింది. అందులో ఆడిన కొందరు బాక్సర్ల రికార్డులలో అసలు జరగని గెలుపులు చేర్చినట్లు బయటపడి, ఛానెల్ దానిని మధ్యలోనే ఆపేసింది. బాక్సర్లను ఎంచే పనిని ఆ ఎంపికతో లాభపడే వారికే వదిలేసినందువల్ల వచ్చిన ముప్పు అది.

మీ ప్రకటనదారులు పేరున్న బాక్సర్‌ను అడగడం సహజమే. ఒలింపిక్ పతకం అందుకున్న విజేందర్ సింగ్ 2016 జూలైలో ఢిల్లీలో కెరీ హోప్‌తో పది రౌండ్లు ఆడి గెలిచినప్పుడు ఆ పేరే జనాన్ని రప్పించింది. మీకు అంతటి పేరు దొరకదు కనుక, సమానమైన బలం గల ఇద్దరు స్థానికులను దింపండి. ఓడినవాడు మరల తలపడతానని అడిగేటంత దగ్గరగా పోటీ జరిగితే, రెండవ ప్రసారానికి కావలసిన ప్రేక్షకుడు అక్కడే పుడతాడు. సులువైన ప్రత్యర్థిని తెచ్చి మన కుర్రవాడిని గెలిపించే పద్ధతిని నేను ఎంతమాత్రం సమర్థించను.

భీమవరం నుంచి సమాధానం:

నేను కుర్రవాళ్లకు శిక్షణ ఇస్తున్నాను కాబట్టి వారి తరఫున రాస్తున్నాను. 1962 మార్చిలో ఏబీసీ ప్రత్యక్ష ప్రసారంలో ఎమిల్ గ్రిఫిత్ చేతిలో దెబ్బలు తిన్న బెన్నీ పారెట్ కొద్ది రోజులకే మరణించాడు. 1982 నవంబరులో మరో అమెరికా ఛానెల్ సీబీఎస్ ప్రసారంలో అమెరికా బాక్సర్ మాన్సినీతో పోరాడిన కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్ కూడా అలాగే ప్రాణం కోల్పోయాడు. ఆ తరువాతే ప్రపంచ టైటిళ్లు ఇచ్చే సంస్థలలో ఒకటైన డబ్ల్యూబీసీ తన టైటిల్ పోటీలలో 15 రౌండ్లను 12కు తగ్గించింది. రింగ్ పక్కన వైద్యుడు, ప్రాణవాయువు, గేటు దగ్గర అంబులెన్సు, తల గాయాలకు శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రితో ముందస్తు మాట, ఇవన్నీ కుదిరిన తరువాతనే ఛానెల్ వారితో తారీఖు ఖాయం చేసుకోండి. పోటీ ఆపమని వైద్యుడు చెబితే, ప్రసార సమయం ఎంత మిగిలి ఉన్నా, రిఫరీ వెంటనే ఆపవలసిందేనని ఒప్పందంలో రాయించండి.

ప్రసారం నుంచి వచ్చే మొత్తం ఎంతో బాక్సర్‌కు చెప్పడం కూడా నిర్వాహకుల ధర్మం. అమెరికాలో 2000లో ముహమ్మద్ అలీ పేరిట చేసిన చట్టం పెద్ద పోటీల విషయంలో ఈ వివరం వెల్లడించడాన్ని తప్పనిసరి చేసింది, ప్రమోటరుకు బాక్సర్ తరఫున బేరాలు చూసే మేనేజరు వ్యవహారంలో వాటా ఉండరాదని కూడా నిర్దేశించింది. మన దగ్గర ఎవరూ అడగకపోయినా మీరు పాటించవచ్చును. సంక్రాంతి బరుల దగ్గర పందేలు కాసేవారి చూపు ఈ పోటీల మీద కూడా పడుతుంది కనుక, నిర్వాహకులలోగాని, న్యాయనిర్ణేతలలోగాని అటువంటి సంబంధాలున్న వారిని దగ్గరకు రానివ్వకండి.

అమలాపురం నుంచి:

ముగ్గురికీ కృతజ్ఞతలు. బాక్సర్లను జత చేసే పనిని శిక్షణ కేంద్రం వారే చేస్తారని మేము అనుకున్నాము గాని, టికెట్లలో వాటా వారిదే కనుక ఇప్పుడు అది సరికాదనిపిస్తున్నది. ఆ పనికి ఎవరిని అడగాలి?

రాజమహేంద్రవరం నుంచి:

ఈ పోటీలో తన శిష్యులెవరూ లేని పాత కోచ్‌ను ఒకరిని విశాఖపట్నం నుంచి పిలిపించండి. అక్కడ బాక్సింగ్ తెలిసిన పెద్దలకు కొరత లేదు. వారికి నిర్ణీత రుసుము ముందే చెల్లించి, టికెట్లలోను, ప్రకటనలలోను వాటా ఇవ్వకండి. జతల జాబితా మీద బరువు, గత పోటీల వివరాలతో వారి సంతకం తీసుకుని, ఆ ప్రతినే ఛానెల్ వారికీ, ప్రకటనదారులకూ పంపించండి.