ఐరిష్ పాట్ స్టిల్ విస్కీ: పాత పద్ధతి నిజంగా తిరిగొచ్చిందా?

తొలిగుటక:
ఐర్లండ్‌లో చిన్న డిస్టిలరీలు పాత విస్కీ పద్ధతులను మళ్లీ పైకి తెస్తున్నాయని చదువుతున్నాను. 1980ల మొదట్లో ఆ దీవి మొత్తానికీ మిడిల్టన్, బుష్‌మిల్స్ రెండే నడిచేవట, ఇప్పుడు డజన్ల కొద్దీ ఉన్నాయి. సీసా మీద 'సింగిల్ పాట్ స్టిల్' అని ఉంటే నిజంగా ఆ పనితనం ఉన్నట్టేనా, లేబుల్ కోసం రాసుకున్నదా?

రాగిబట్టీ:
ఉన్నట్టేనండి, ఆ మాటకు చట్టంలో అర్థం ఉంది. కనీసం 30 శాతం మాల్ట్ బార్లీ (అంటే మొలకెత్తించి ఆరబెట్టినది), ఇంకో 30 శాతం మొలకెత్తించని బార్లీ పడాలి, పాట్ స్టిల్ అనే కుండలాంటి రాగి బట్టీలోనే కాచాలి. డబ్లిన్‌లో ఒక డిస్టిలరీ చూడ్డానికి వెళ్తే అక్కడావిడ నా అరచేతిలో రెండు రకాల గింజలూ పోసి నమలమంది. మాల్ట్ గింజ పటుక్కున విరిగి తియ్యగా పొడైపోయింది, రెండోది రాయిలా ఉండి పంటికి లొంగలేదు. ఆ మొండి గింజే విస్కీకి నూనెలాంటి చిక్కదనం, మిరియపు ఘాటు ఇస్తుంది. 1830లో ఈనియస్ కాఫీ అనే ఆయన ఆపకుండా నడిచే కాలమ్ స్టిల్ అనే పొడవాటి బట్టీకి పేటెంట్ తీసుకుంటే డబ్లిన్ పెద్ద డిస్టిలరీలు వద్దన్నాయి, స్కాట్లండ్ వాళ్లు అందుకుని చవగ్గా బ్లెండ్లు (వేర్వేరు విస్కీలు కలిపినవి) చేసి మార్కెట్ పట్టేశారు. పాట్ స్టిల్ వెనకబడటానికి అదొక పెద్ద కారణం.

గింజగుట్టు:
నేను సగమే ఒప్పుకుంటాను. 2014లో ఆ రూల్ రాసినప్పుడు ఓట్స్, రై లాంటి వేరే ధాన్యాలు 5 శాతం మించకూడదని పెట్టారు. 19వ శతాబ్దపు పాళ్లలో చాలా చోట్ల అవి అంతకంటే ఎక్కువే పడేవి. అంటే తాతల నాటి పాళ్లతో కాస్తే తాతల నాటి పేరు పెట్టుకోనివ్వరన్నమాట, ఇది నాకు పెద్ద అన్యాయం అనిపిస్తుంది. బ్లాక్‌వాటర్ డిస్టిలరీ వాళ్లు పాత కాగితాలు వెతికి ఆ పాళ్లతోనే కాస్తున్నారు, నా దృష్టిలో అసలు పునరుద్ధరణ అదే.

తొలిగుటక:
ఓట్స్‌తో అంత తేడా ఏముంటుందండి?

గింజగుట్టు:
నోట్లో మీగడలా మెత్తగా తగులుతుంది. పైగా మొలకెత్తించని బార్లీ జిగురుకి మాష్ (వేడినీళ్లలో కలిపిన గింజల పిండి) గడ్డకడితే, ఓట్స్ పొట్టు జల్లెడలా నిలబడి తీపి నీళ్లను కిందికి దిగనిస్తుంది. పాతవాళ్లు ఊరికే వెయ్యలేదు.

పీపాకాపరి:
ఒక్క మాట. పీపాలో కనీసం 3 ఏళ్లు ఉంటేగానీ అది ఐరిష్ విస్కీ కాదు, అన్నాళ్లూ రాబడి ఉండదు కాబట్టి కొత్త బ్రాండ్లు చాలావరకు బయట కొన్న సరుకుతో మొదలుపెడతాయి. ఒక్కో పొలం బార్లీని విడిగా కాచిన వాటర్‌ఫర్డ్ డిస్టిలరీ 2024లో అప్పులవాళ్ల తరఫున ఆస్తిని చూసే రిసీవర్ చేతిలోకి వెళ్లిందని తెలిసి చాలా బాధపడ్డాను. కొనేముందు సీసా వెనక ఎక్కడ కాచారో రాసి ఉందేమో చూడండి, అది లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి.