సమస్య: "జగము తలకిందులైనచో సంతసమ్ము"

నిర్వాహకుడు: మిత్రులారా, ఎన్నాళ్ళుగానో కలలుగన్న 4×5 అంగుళాల ఫిల్మ్ కెమెరా చేతికొచ్చింది. ఆ సంబరంలోనే ఈ సమస్య ఇస్తున్నాను. ఛందస్సు తేటగీతి. దీని వెనకున్న గరుకుగాజు మీద బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు మారి కనబడుతుంది. ఇక పూరించండి.

పద్యప్రియ: అభినందనలండీ! మీ తరఫునే రాశాను.

నల్లగుడ్డను కప్పితి నాదు తలకు
గరుకుగాజుపై నిలిచెను కడలి, గట్టు
ఎన్నొ యేళ్ళుగా కోరిన దిపుడు దక్కె
జగము తలకిందులైనచో సంతసమ్ము

నిర్వాహకుడు: చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. గుడ్డ కింద దూరగానే గాజు మసకగానే ఉంటుంది, కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక ఒక్కో అంచూ తేలుతుంది. "నిలిచెను" అన్న మాట దానికి సరిగ్గా అతికింది. "కోరినది + ఇపుడు" సంధిలోని ఇకారంతో ఎకారానికి యతి చెల్లింది. "నాదు" మాత్రం యతి కోసం వచ్చినట్టుంది.

చీకటిగది: నా ప్రయత్నం.

చీకటింటిలో ఫిలుమును చేతివేళ్ళు
గంట్లు తడిమి చొప్పించును కదలకుండ
కటకమును మూసి, తెర లాగి, కాంతి నింప
జగము తలకిందులైనచో సంతసమ్ము

నిర్వాహకుడు: మొదటి రెండు పాదాలు అనుభవంలోంచి వచ్చినవి. ఫిల్మ్ అంచున ఉండే గంట్లు కుడివైపు పైమూలకు వస్తే, వెలుగును పట్టే మందుపూత మనవైపు ఉన్నట్టు, వేళ్ళకే తెలియాలి. కటకం మూశాకే ఫిల్మ్‌ను కప్పి ఉంచే తెర లాగాలన్న క్రమమూ సరైనదే, లేకపోతే షీటు వెలుగు తిని పాడైపోతుంది. కానీ ఫిల్మ్ ఉన్న చట్రం (హోల్డర్) పెట్టాక గాజు మీది బొమ్మ మనకు కనబడదు కదా! అక్కడ సమస్యకు అన్వయం తెగింది. మూడో పాదం ఇలా మారిస్తే?

అంత వెలుగులో గాజుపై నందగించు

చీకటిగది: చాలా బాగుందండీ, ఇలాగే ఉంచేస్తాను.

కొండగాలి:

ముందు పలకను వంచగా మొక్క మొదలు
కొండ కొన దాక చక్కగా కుదురుకొనియె
ఓపికగ చూడ గాజులో నొదిగినట్టి
జగము తలకిందులైనచో సంతసమ్ము

పద్యప్రియ: వంచితే అలా ఎందుకవుతుంది?

నిర్వాహకుడు: ముందు పలకలోనే కటకం ఉంటుంది. అది వాలితే ఫోకస్ తలమూ, అంటే బొమ్మ స్పష్టంగా పడే తలమూ, వాలుతుంది. అది నేల వెంబడి పరుచుకుని కాళ్ళ దగ్గరి గడ్డినీ దూరపు కొండనూ కలుపుతుంది. ఆస్ట్రియా సైనికాధికారి షైంప్‌ఫ్లగ్ 1904లో పేటెంట్ తీసుకున్న సూత్రం ఇదే. ఇంత సంగతిని రెండు పాదాల్లో, యతి ఎక్కడా బిగుసుకోకుండా చెప్పారు. ఈసారి నా మొదటి మెచ్చుకోలు ఈ పూరణకే.