రక్తంలో వైరస్ పెరిగితే అవయవ మార్పిడి మందుల డోసు తగ్గించాలా?

వెన్నెల: మా తమ్ముడికి పదహారేళ్లు. అమ్మ కిడ్నీ ఇచ్చి ఐదు నెలలైంది. మనిషి బాగానే ఉన్నాడు కానీ పీసీఆర్ రక్తపరీక్షలో ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్ వైరస్) లోడ్, అంటే రక్తంలో ఆ వైరస్ మోతాదు, రెండుసార్లుగా పెరుగుతోంది. ఇది లింఫోమాకు (లింఫ్ కణాల క్యాన్సర్‌కు) దారి తీయొచ్చని తెలిశాక ఇంట్లో ఒకటే టెన్షన్. రోగనిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్ మందు తగ్గిద్దామని డాక్టరు అంటున్నారు. రిజెక్షన్ వస్తే, అంటే ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొడితే ఎలా అని నాన్న ససేమిరా అంటున్నారు. మీరేమంటారు?

మందులచీటీ: నాన్నగారి భయం ఊరికే వచ్చింది కాదు. పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఈబీవీ ఒంట్లో ఎప్పటినుంచో ఉండేదే. నాకూ ఉంది, మార్పిడి జరిగి చాలా ఏళ్లయింది. లోడ్ కాస్త కదిలినప్పుడల్లా డోసు కోస్తూ పోతే అమ్మ ఇచ్చిన కిడ్నీకే ఎసరు.

ల్యాబ్‌మనిషి: తొంభై మంది లెక్క ఈ అబ్బాయికి పనికిరాకపోవచ్చు. మార్పిడికి ముందు ఇతనికి ఈబీవీ యాంటీబాడీలు ఉన్నాయా? లేకుండా, దాతకు ఉంటే వైరస్ కొత్త అవయవంతోపాటే వస్తుంది. అది బి కణాల్లో (ఒక రకం తెల్ల రక్తకణాల్లో) దాక్కుని వాటిని పెంచుతుంది. వాటికి కళ్లెం వేయాల్సిన టి కణాలనేమో మందులు అణచి ఉంచుతాయి. మార్పిడి తర్వాత వచ్చే పీటీఎల్‌డీ అనే లింఫోమా ఎక్కువగా పుట్టేది ఇలాగే, మొదటి ఏడాదిలోనే ముప్పు ఎక్కువ. నిద్రాణంగా ఉన్న వైరస్ మీద ఎసైక్లోవిర్ లాంటి వైరస్ మందులు పని చేయవు. అందుకే డోసు తగ్గించడం మొదటి మెట్టు. ఇంకో మాట, పరీక్షలన్నీ ఒకే ల్యాబ్‌లో చేయించండి. ఒకసారి మొత్తం రక్తం, ఇంకోసారి ప్లాస్మా తీస్తే అంకెలు పోల్చలేం.

అడ్డంగా: కిడ్నీ కాబట్టి అంత ధైర్యం! పోతే డయాలసిస్ ఉంది. గుండె మార్పిడి అయితే ఇంత తేలిగ్గా తగ్గించమంటారా? మందు తగ్గించే బదులు సిరోలిమస్ అనే ఇంకో రకం అణచే మందుకి మార్చొచ్చుగా. హెచ్‌హెచ్‌వీ-8 అనే ఇంకో వైరస్ వల్ల వచ్చే కపోసి సార్కోమా అనే క్యాన్సర్ దాంతో తగ్గిందని 2005లోనే చూపించారు.

ల్యాబ్‌మనిషి: కపోసికి బాగానే పని చేసింది. కానీ 2014లో చాలా ట్రయల్స్ కలిపి చూస్తే సిరోలిమస్ వాడినవాళ్లలో క్యాన్సర్లు తగ్గాయి, మరణాలు మాత్రం పెరిగాయి. అందరికీ అదే మందు అనడానికి నాకు నోరు రాదు. గుండె విషయంలో మీ మాట నిజమే, అక్కడ చేయి వెనకాడుతుంది.

వెన్నెల: పాత ఫైలు తీశాను. మార్పిడికి ముందు తమ్ముడిది నెగెటివ్, అమ్మది పాజిటివ్.

మందులచీటీ: అయితే డాక్టరు మాటే వినండమ్మా. నాలాంటి పాత కేసుల్లో మాత్రం నా వాదన మారదు.

ల్యాబ్‌మనిషి: ఎంత తగ్గిస్తారు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), పీసీఆర్ ఎన్నాళ్లకోసారి చూస్తారు అని రాయించుకోండి. జ్వరం వదలకపోయినా, మెడలోనో చంకలోనో గడ్డ తగిలినా, బరువు తగ్గుతున్నా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఇంట్లో సొంతంగా ఒక్క మాత్ర కూడా మానేయొద్దు.

వెన్నెల: ఈ ప్రశ్నలతోనే రేపు నాన్నను వెంటబెట్టుకుని వెళ్తున్నాను.