జిమ్ముకీ ఈతకీ ఒకటే హార్ట్ రేట్ మానిటర్ కావాలి: ఛాతీ బెల్టా, చేతిపట్టీయా?

కోటజంక్షన్ (విజయనగరం):
వయసు 44. వారానికి మూడు రోజులు జిమ్, రెండు రోజులు స్విమ్మింగ్ పూల్. కాల్స్, మెసేజీలు చూపించే వాచీ అక్కర్లేదు, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో సరిగ్గా తెలిస్తే చాలు. బెల్టు కట్టుకుని నీళ్ళలోకి దిగితే ఫోనుతో కనెక్షన్ పోతుందంటున్నారు. నిజమేనా? ఏది తీసుకోమంటారు?

నాగావళిగట్టు (శ్రీకాకుళం):
నిజమేనండి. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ మీద, దాన్ని నీరు పీల్చేస్తుంది. గట్టు మీది ఫోను సంగతి అలా ఉంచండి, మునిగి ఉంటే ఛాతీ మీది బెల్టుకీ మణికట్టు మీది వాచీకీ మధ్యే తెగిపోతుంది. 5 కిలోహెర్ట్జ్ సిగ్నల్ అయితే నీళ్ళలోనూ కొంత దూరం అందుతుంది గానీ, దాన్ని పట్టే రిసీవర్ ఇప్పటి వాచీల్లో చాలావాటికి లేదు. అందుకని బెల్టులోనే మెమరీ ఉందా లేదా అన్నది మొదట చూడండి. పోలార్ కంపెనీ హెచ్10 బెల్టులో ఒక సెషన్ నిలవ ఉంటుంది. గట్టున యాప్‌లో రికార్డింగ్ మొదలుపెట్టి దిగాలి, పైకొచ్చాక ఫోన్‌లోకి దించుకోవాలి. హెచ్9 చవకే, కొలతా బావుంటుంది, కానీ మెమరీ లేదు. ఈత ఉంది కాబట్టి మీకు అది వద్దు.

చవక బెల్టుల డబ్బా మీద ఐపీ67 అని కనిపిస్తే ఈతకి తీసుకోకండి. అది మీటరు లోతు నీళ్ళలో అరగంట ఊరికే ఉంచి చేసే పరీక్ష. చెమటకీ వానకీ సరిపోతుంది, అంతే. కనీసం 30 మీటర్లు అని ఉండాలి, 5 ఏటీఎం (అంటే 50 మీటర్ల నీటి ఒత్తిడిని తట్టుకునేది) అయితే ఇంకా మేలు.

లైట్‌హౌస్ (కళింగపట్నం):
మగవాళ్ళకి బెల్టుతో ఇంకో చిక్కుంది. గోడని తన్ని తిరిగే ప్రతిసారీ నీటి ఒరవడికి అది పొట్ట మీదకి జారుతుంది, రీడింగ్ అక్కడే తెగుతుంది. సముద్రంలో అయితే ఉప్పునీరు కరెంటుని బాగా మోస్తుంది కాబట్టి బెల్టు లోపలివైపు చర్మానికి ఆని గుండె సిగ్నల్ పట్టే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య షార్ట్ అయి, గుండె సిగ్నల్ అందకపోవచ్చు. క్లోరిన్ ఎక్కువేసిన పూల్‌లోనూ ఇదే తంటా.

మీకు పోలార్ వెరిటీ సెన్స్ లాంటి ఆప్టికల్ పట్టీ (చర్మం మీద వెలుతురు వేసి రక్తపు కదలికని బట్టి లెక్కపెట్టేది) నప్పుతుంది. జిమ్‌లో మోచేతికి పైన కట్టుకోవచ్చు, ఈతలో దాంతో వచ్చే క్లిప్పుతో గాగుల్స్ పట్టీకి తగిలిస్తే కణత మీద కూర్చుంటుంది. మెమరీ లోపలే ఉంది. పూల్ పొడవు మాత్రం యాప్‌లో ముందే పెట్టుకోండి. మణికట్టు మీద ఆప్టికల్ వద్దు. డంబెల్ గట్టిగా పట్టుకుంటే ముంజేతి కండ బిగుసుకుని రక్తపు కదలిక సరిగ్గా దొరకదు. పరిగెత్తేటప్పుడు ఒక్కోసారి అడుగుల లెక్కనే గుండె లెక్క అనుకుని 165 దగ్గర పట్టుకుని కూర్చుంటుంది.

నాగావళిగట్టు:
పట్టీ సలహా సబబే. ఒకవేళ బెల్టే కొంటే ఇవి చూసుకోండి. కట్టేముందు ఎలక్ట్రోడ్లని నీళ్ళతో తడపాలి. పొడిగా కట్టుకుని ఫ్యాన్ కింద సింథటిక్ టీషర్టుతో మొదలుపెడితే మొదటి ఐదు నిమిషాలు 200, 210 అని పిచ్చి అంకెలు చూపిస్తుంది. అయిపోగానే టిచ్ బటన్లు ఊడదీసి సెన్సర్‌ని విడిగా పెట్టండి. తడి బెల్టుకే వదిలేస్తే అది ఒంటి మీదే ఉన్నాననుకుని పనిచేస్తూనే ఉంటుంది, బిళ్ళ బ్యాటరీ ఊరికే అయిపోతుంది. బెల్టుని మంచినీళ్ళలో జాడించి, పిండకుండా ఆరేయండి.

కోటజంక్షన్:
చాలా థ్యాంక్సండి. ఈతలో మాత్రం అంకె తక్కువే వస్తుందట, అది మానిటర్ తప్పా?

లైట్‌హౌస్:
కాదండి. అడ్డంగా పడుకుని ఉంటాం, పైగా నీటి ఒత్తిడికి రక్తం గుండెకి సులువుగా చేరుతుంది. అందుకే నేల మీద కంటే సుమారు 10 తక్కువ ఉంటుంది. అనుమానం వస్తే గోడ దగ్గర ఆగిన వెంటనే మెడ పక్కన రెండు వేళ్ళు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో హెచ్చవేసి చూడండి. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడుతుంటే గుండె వేగం ఎలాగూ పెరగనివ్వవు. అప్పుడు గరిష్ఠ గుండె వేగం కోసం 220 లోంచి వయసు తీసేసే లెక్క పనికిరాదు. ఎంతవరకు వెళ్ళొచ్చో డాక్టర్‌నే అడగండి.