లోపలే టీమ్ మారడానికి మేనేజరు సంతకం ఎందుకు? పేపర్లు పెట్టి పోవడమే నయమా?

రుషికొండ_కుర్రోడు:
రుషికొండలో ఒక సర్వీసుల కంపెనీలో సపోర్టు పని. చేరి నాలుగేళ్ళ ఏడు నెలలు. పక్క ఫ్లోర్లో డేటా టీమ్‌లో ఖాళీ పడితే ఐజేపీలో, అంటే కంపెనీ లోపలివాళ్ళకే ఇచ్చే ఉద్యోగ ప్రకటనలో, అప్లై చేశాను, ఇంటర్వ్యూ కూడా గట్టెక్కాను. మా మేనేజరు రిలీజ్ ఇవ్వడు. "నువ్వెళ్తే నైట్ షిఫ్ట్ ఎవరు చూస్తారు?" అంటాడు. అదే రాజీనామా చేస్తే 90 రోజుల్లో పంపాల్సిందే కదా! హైదరాబాద్ ఆఫర్ వాళ్ళు నెలలో రమ్మంటున్నారు. అమ్మానాన్న పెందుర్తిలో ఉన్నారు, నాకేమో ఊరు వదలాలని లేదు. ఆ సంతకం అసలు ఉండాలా?

బీచ్‌రోడ్_బుల్లెట్:
అక్కర్లేదు తమ్ముడూ. నిన్ను కుర్చీకి కట్టేసి పని చేయించమని ఏ కోర్టూ అనదు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం చూడు. మహా అయితే నోటీసు డబ్బులు అడుగుతారు. కొత్త కంపెనీ చేత బైఔట్, అంటే ఆ నోటీసు డబ్బులు, కట్టించుకుని రైలెక్కెయ్.

మధురవాడ_లీడ్:
డబ్బులే కదా అని తేలిగ్గా అనేశారు బుల్లెట్ గారూ. ఇన్నేళ్ళు చేస్తానని, మధ్యలో మానేస్తే డబ్బు కడతానని రాసిచ్చిన బాండు ఉంటేనో? మూడేళ్ళు నిండకుండా మానేసిన అధికారి విజయా బ్యాంకుకు 2 లక్షలు కట్టడం సబబేనని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది.

నేనూ మేనేజరు కుర్చీలోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా. మనిషిని వదిలాక బదులు మనిషి కోసం రిక్వెస్టు పెడితే దాని మీద ఐదు సంతకాలు పడాలి. ఈలోగా రాత్రి రెండింటికి క్లయింటు లేపేది నన్నే. సంతకం ఉండాలి, కాకపోతే దానికి గడువుండాలి. 60 రోజులు దాటితే రిలీజ్ అయినట్టే లెక్క.

బీచ్‌రోడ్_బుల్లెట్:
ఆ గడువు మీ దగ్గరుందా మేడమ్?

మధురవాడ_లీడ్:
లేదు. అడుగుతూనే ఉన్నాం.

గాజువాక_మాస్టారు:
నేను కేంద్ర సర్వీసులో రిటైరయ్యాను. మాకు ఆఫీసు ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం, ఎన్‌వోసీతో పరీక్ష రాసి, వేరే ప్రభుత్వ పోస్టులో చేరడానికిచ్చే టెక్నికల్ రాజీనామా ఇచ్చి, పాత పోస్టు మీద రెండేళ్ళు లియన్, అంటే తిరిగొచ్చే హక్కు, ఉంచుకుని వేరే శాఖకి పోయే వీలుండేది. పాత సర్వీసూ కలిసేది. ఆ ఎన్‌వోసీ కోసం మా ఆఫీసర్ల చుట్టూ ఎన్ని చెప్పులరిగాయో అడక్కండి, అది వేరే కథ.

బుల్లెట్ మాట విని రైలెక్కే ముందు గ్రాట్యుటీ, అంటే మానేసేటప్పుడు సర్వీసుని బట్టి కంపెనీ ఇచ్చే మొత్తం, చూసుకో బాబూ. ఐదేళ్ళు నిండాలన్నది రూలు. ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాస్ హైకోర్టు అన్నది, కానీ అన్ని కంపెనీలూ దానికి తలూపవు. నెలలో పోతే నువ్వు సరిగ్గా అంచు మీద ఉంటావు. 90 రోజులూ ఉంటే నాలుగేళ్ళ పది నెలలు, వాదనకి బలం. బేసిక్ 40 వేలనుకో, 15 పెట్టి హెచ్చించి, 26తో భాగించి, ఐదేళ్ళకి చూస్తే లక్షా 15 వేల పైమాటే.

బీచ్‌రోడ్_బుల్లెట్:
మాస్టారూ, ఇది నాకు తట్టలేదు. బైఔట్ మాట వెనక్కి తీసుకుంటున్నా. సంతకం మాట మాత్రం తీసుకోను.

రుషికొండ_కుర్రోడు:
హెచ్ఆర్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టాను: రిలీజ్ తేదీ శుక్రవారంలోపు రాతపూర్వకంగా ఇవ్వండి, లేదంటే సోమవారం పేపర్లు పెడతాను, 90 రోజులూ చేసే వెళ్తాను అని. మేనేజరుని కూడా సీసీలో పెట్టా. ఇప్పుడే ఫోన్ చేశాడు, ఎత్తలేదు.

బీచ్‌రోడ్_బుల్లెట్:
ఎత్తకు. మెయిల్లోనే చెప్పమను.