"ఆటలో అరటిపండు" బేస్‌బాల్‌కి వర్తిస్తుందా?

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇక్కడ డాలస్‌లో స్కూలు జట్టుకి బేస్‌బాల్ ఆడతాడు. ఈమధ్య మా మామగారు చూడ్డానికొచ్చి, ఒక కుర్రాడు ఫీల్డింగుకి దిగకుండా బ్యాటింగుకి మాత్రమే లేచి వెళ్ళడం గమనించి, "వీడెవడ్రా, ఆటలో అరటిపండా?" అన్నారు. డిజిగ్నేటెడ్ హిట్టర్, డీహెచ్ అంటారని మా అబ్బాయి చెప్పాడు. ఆ మాట ఇక్కడ అతుకుతుందా? పెద్దలు చెప్పాలి.

* * *

అతకదండీ. చెల్లెల్నో తమ్ముణ్ణో వెంటేసుకుని ఆడుకోడానికి వెళ్తే, ఆ పసిదాన్ని వదిలేస్తే ఏడుస్తుందని "నువ్వు అరటిపండువి" అని చేర్చుకునేవాళ్ళం. అది పరిగెత్తుతుంది, దాక్కుంటుంది, కానీ ముట్టుకుంటే ఔటు కాదు, దొంగ పెట్టక్కర్లేదు. ఉంటుంది గానీ లెక్కలోకి రాదు. మీరు చెప్పిన కుర్రాడి పరుగులు లెక్కలోకి వస్తాయిగా?

* * *

ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ లాంటోడు అనుకుంటా. లేకపోతే మన బై రన్నరా?

* * *

రెండూ కాదు. ఇంపాక్ట్ ప్లేయర్ ఆట మధ్యలో ఒకణ్ణి పూర్తిగా బయటకి పంపి వస్తాడు. డీహెచ్ మొదటి నుంచీ ఉంటాడు, పిచర్ కూడా ఉంటాడు, పిచర్ బంతులేస్తాడు, అతని వంతు బ్యాటింగ్ ఇతను చేస్తాడు. ఇక్కడి రెండు పెద్ద ప్రొఫెషనల్ లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో 1973లో మొదలైంది, 2022 నుంచి రెండోదైన నేషనల్ లీగ్‌లోనూ శాశ్వతమైంది.

శని ఆదివారాలు నేను అంపైరింగ్ చేస్తుంటాను కాబట్టి ఇంకొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి. డీహెచ్ అరటిపండు కాదన్నది సరే. అసలు తమాషా ఏంటంటే, మైదానంలో ఉండకూడని మనిషి దొరికిపోయినా ప్రొఫెషనల్ నియమాలు అతన్ని అరటిపండు చెయ్యవు! పొరపాటు మార్పు చేశారు, ఎవరూ చూసుకోలేదు, వాడొచ్చి బంతిని కొట్టాడు, ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. తర్వాత బయటపడింది. అంపైర్ వాణ్ణి బయటకి పంపిస్తాడు, ఆ రెండు పరుగులు మాత్రం అలాగే ఉంటాయి. మనిషి చెల్లడు, వాడి ఆట చెల్లుతుంది. మన అరటిపండుకి ఇది సరిగ్గా తలకిందులు, అక్కడ మనిషి చెల్లుతుంది, ఆట చెల్లదు.

డీహెచ్ విషయంలో ఇది ఎక్కువగా ఎక్కడ తిరకాసవుతుందో చెప్తాను. బ్యాటింగ్ వరసలో నాలుగో వంతులో కొట్టే డీహెచ్‌ని ఏడో ఇన్నింగ్స్‌లో మేనేజర్ లెఫ్ట్ ఫీల్డుకి, అంటే ఎడమవైపు దూరంగా ఫీల్డింగ్ చేసే చోటికి పంపాడనుకోండి, ఆరో వంతులో ఉన్న లెఫ్ట్ ఫీల్డర్ బయటకెళ్ళాడు. ఆ క్షణంతో ఆ జట్టుకి డీహెచ్ అనే సదుపాయం ఆ ఆట మొత్తానికి పోయినట్టే. డీహెచ్‌గా ఉన్నవాడు నాలుగులోనే ఉంటాడు, ఆరో వంతు పిచర్‌ది. ఒకేసారి ఇద్దరు ముగ్గుర్ని మారిస్తే ఎవరు ఎన్నో వంతో మేనేజర్ అప్పటికప్పుడు చెప్పాలి, చెప్పకపోతే నిర్ణయించే హక్కు బ్యాటర్ వెనక నిలబడే ప్లేట్ అంపైర్‌ది. అందుకే నేను మాస్కు తీసి, జేబులోంచి బ్యాటింగ్ వరస రాసిన కార్డు బయటకి లాగి, వెళ్ళినవాడి పేరు పెన్సిల్‌తో అడ్డంగా కొట్టేసి, పక్కన ఇన్నింగ్స్ అంకె వేసి, "ఆరులో పిచర్, అవునా కోచ్?" అని పైకి అని, అవతలి బెంచీకి కూడా చెప్పి గానీ కదలను. ఆ అర నిమిషం బద్ధకించామంటే తర్వాత పావుగంట ఇద్దరు కోచ్‌లు మన నెత్తిన కూర్చుంటారు.

ఇప్పుడు, బయటకెళ్ళాక తిరిగి రాకూడని ఆ లెఫ్ట్ ఫీల్డరే మళ్ళీ ఆరో వంతులో బ్యాట్ పట్టుకుని వచ్చాడు. ఇది అంపైర్ కంట పడితే ఎవరూ అడగక్కర్లేదు, వెంటనే ఆపాలి. బంతి పడకముందే ఆపితే సరైనవాడు వచ్చి ఆడతాడు, గొడవ లేదు. ఆట నడిచాక దొరికితే జరిగిందంతా చెల్లుతుంది, కానీ వాడితోపాటు వాడి చోట్లో ఉండాల్సినవాడు కూడా బయటకే. తెలిసే వచ్చాడని అంపైర్‌కి అనిపిస్తే మేనేజర్‌ని కూడా పంపించెయ్యొచ్చు.

* * *

అంపైర్ చూసినా నోరు మెదపకూడదని విన్నానే? మీరేమో వెంటనే ఆపాలంటున్నారు.

* * *

అది వేరే తప్పండీ, ఈ రెండింటినీ కలిపెయ్యడం వల్లే కొత్త అంపైర్లకి టెన్షన్. మీరు విన్నది వంతు తప్పడం గురించి. అయిదోవాడు రావాల్సిన చోట ఆరోవాడు వచ్చాడు, ఇద్దరూ ఆటలో ఉన్నవాళ్ళే. అప్పుడు అంపైర్ చూసీ చూడనట్టు ఉండాలి. అవతలి జట్టు తర్వాతి బంతి పడేలోగా అడిగితేనే తీర్పు, అడక్కపోతే అది చెల్లిపోతుంది. మన భాషలో "చూసీ చూడనట్టు" అంటే లంచం తిన్నవాడికి వాడే మాట, ఇక్కడ అదే విధి. ఆటలో ఉండే అర్హతే లేనివాడు వస్తే మాత్రం ఆ మౌనం పనికిరాదు.

ఇంకోటి, ఈ మధ్యాహ్నం మీ అబ్బాయి ఆటలో ఇదే జరిగితే తీర్పు మారుతుంది. హైస్కూలు నియమాలు వేరు. అక్కడ డీహెచ్‌ని పిచర్ బదులే కాదు, ఏ ఫీల్డర్ బదులైనా పెట్టుకోవచ్చు, మొదట దిగినవాడు ఒకసారి బయటకెళ్ళి మళ్ళీ రావచ్చు. కానీ బ్యాటింగ్ వైపు అర్హత లేనివాడు దొరికితే ఔట్ ఇచ్చి మిగతా ఆటంతా బెంచీ మీద కూర్చోబెడతాం. టీవీలో చూసిన నియమం పట్టుకుని నాతో వాదించే నాన్నగార్లు ప్రతి సీజన్లో ఉంటారు.

* * *

సార్, పెద్ద లీగుల్లో ఇలాంటివి జరుగుతాయా? అక్కడ అంతమంది కోచ్‌లుంటారుగా.

* * *

ఎందుకు జరగవు! 2009 మే 17న టాంపా బే రేస్ మేనేజర్ జో మ్యాడన్ ఇచ్చిన కార్డులో మూడో బేస్ దగ్గర ఫీల్డింగుకి ఇద్దరి పేర్లున్నాయి, ఇవాన్ లొంగోరియా, బెన్ జోబ్రిస్ట్. లొంగోరియా డీహెచ్ అన్నది ఆయన మనసులో ఉంది, కార్డు మీద లేదు. ఆట మొదలవకముందు ఎవరైనా పట్టుకుని ఉంటే "వీళ్ళలో డీహెచ్ ఎవరు?" అని అడిగి దిద్దించేసేవాళ్ళు, అంతటితో పోయేది. క్లీవ్‌లాండ్ మేనేజర్ ఎరిక్ వెడ్జ్ మాత్రం రేస్ ఫీల్డింగ్ చేసి వెళ్ళాక పైకి తీశాడు. అప్పటికి జోబ్రిస్ట్ మూడో బేస్ దగ్గర నిలబడి ఉన్నాడు, లొంగోరియా ఎక్కడా నిలబడలేదు. నియమం ప్రకారం ఫీల్డులోకి రానివాడి వంతు పిచర్‌కి పోతుంది, వాడు ఆటలోంచే పోతాడు. జట్టులో గట్టిగా కొట్టే మనిషి ఆడే మూడో వంతులో ఆండీ సొనాన్‌స్టైన్ అనే పిచర్ బ్యాట్ పట్టుకోవాల్సొచ్చింది.

అతనేం చేశాడో తెలుసా? డబుల్, అంటే తను రెండో బేస్ దాకా చేరే దెబ్బ కొట్టి ఒక పరుగు తెప్పించాడు. రేస్ 7-5తో గెలిచింది.

ప్లేట్ అంపైర్ కార్డు తీసుకునేటప్పుడు ఎనిమిది పేర్లే ఉన్నాయా, ఒకే ఇంటిపేరు ఇద్దరికి ఉండి పొడి అక్షరం రాయలేదా అని చూడాలని నియమాల్లోనే ఉంది. మన తెలుగువాళ్ళ జట్టు దిగితే రెడ్లూ రావులతో ఆ పరిశీలనకే గంట పడుతుందేమో!

* * *

:) మరి షోహెయ్ ఒహ్తానీ పిచరూ అతనే, బ్యాటరూ అతనేగా. అతన్ని పిచింగ్ నుంచి తీసేస్తే రెండూ పోవాలి కదా?

* * *

2022 ముందు అదే తలనొప్పి. ఇప్పుడు మొదటి పిచరే డీహెచ్ కూడా అయితే కార్డులో అతన్ని ఇద్దరు మనుషులుగా లెక్కపెట్టుకుంటాం. పిచర్‌గా తీసేసినా డీహెచ్‌గా ఉండొచ్చు, డీహెచ్‌గా తీసేసినా బంతులెయ్యొచ్చు. ఏ పాత్ర వదిలేశాడో ఆ పాత్రలోకి మళ్ళీ రాకూడదు, అంతే. ఆ పేరు కొట్టేసేటప్పుడు ఏ వరసలోది కొడుతున్నామో చూసుకోవాలి.